షార్ట్ న్యూస్ యాప్ రివ్యూ: స్పీడ్ బాగుంది, మతం గురించి రాసే తీరే అస్సలు బాలేదు

చాలా కాలంగా రోజూ వాడుతున్న ఒక షార్ట్ న్యూస్ యాప్ గురించి రాస్తున్నా. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ టైపు యాప్‌లు బోలెడున్నాయి, నేను చూసిన రెండు మూడింటిలోనూ ఇదే పద్ధతి. మీరు వాడే యాప్‌లో కూడా ఇదే ఉందేమో ఒకసారి చూసుకోండి.

ముందు బాగున్నవి చెప్పేస్తా. ఫాస్ట్‌గా ఓపెన్ అవుతుంది, నెట్ సరిగ్గా లేకపోయినా పొద్దున డౌన్‌లోడ్ అయిన వార్తలు చదువుకోవచ్చు, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, యాడ్స్ ఉన్నాయి గానీ మరీ విసిగించవు. వాతావరణం, స్కోర్లు, రిజల్ట్స్ లాంటివి ఇంతకంటే తొందరగా ఎక్కడా రావు. వీటికి వంక పెట్టడానికి ఏం లేదు.

అసలు సమస్య నోటిఫికేషన్లు. లాక్ స్క్రీన్ మీద రెండు లైన్లే పడతాయి, మిగతాది చుక్కలు. అంటే మొదటి నాలుగైదు మాటల్లో ఏం పెట్టాలన్నది వాళ్లు ఆలోచించుకునే పెడతారు. ఆస్తి గొడవలో ఎవడో అన్నని చంపాడు అనుకోండి, వాడు ఒక మతం వాడైతే "ఫలానా మతానికి చెందిన యువకుడి ఘాతుకం..." అని వస్తుంది. అదే గొడవ, అదే హత్య, ఇంకో మతం వాడు చేస్తే "అన్నను చంపిన తమ్ముడు..." అని వస్తుంది. రెండోవాడు తమ్ముడు, మొదటివాడు మాత్రం మతం. లోపలికెళ్లి వార్త మొత్తం చదివితే మతానికీ ఆ హత్యకీ సంబంధం ఉన్నట్టు ఒక్క ముక్క కూడా ఉండదు, అంతా పొలం గట్టు గురించే. కానీ లోపలికెళ్లి చదివేది ఎంతమంది? చాలామంది ఆ రెండు లైన్లు చూసి, ఫోన్ జేబులో పెట్టుకుని, మనసులో ఒక లెక్క వేసుకుని వెళ్లిపోతారు.

ఆ లెక్క ఎలా పెరుగుతుందో కింద కామెంట్లలో కనిపిస్తుంది. హత్య చేసినవాడి గురించి ఒక్కడూ మాట్లాడడు. "వాళ్లంతే", "ఆ మతమే అంత", "పుట్టుకతోనే వస్తుంది". దానికి వందల లైకులు. మీరు ఇలాంటిది ఒకటి ఓపెన్ చేస్తే సాయంత్రానికి ఫీడ్ అంతా అలాంటివే, ఎక్కడెక్కడో జరిగినవి, కొన్ని పాతవి కూడా తవ్వి తెచ్చి పెడుతుంది. ప్రపంచంలో క్రైస్తవులు 200 కోట్లకు పైనే, ముస్లింలు దాదాపు 200 కోట్లు, హిందువులు 100 కోట్లకు పైనే. ఇంతమందిలోంచి రోజుకి ఐదుగురు దుర్మార్గుల్ని ఏరి చూపించడం ఏ మతం విషయంలోనైనా చాలా తేలిక, ఏళ్ల తరబడి స్టాక్ అయిపోదు. రోజూ ఐదు చూసేవాడికి మాత్రం ఆ మతంలో అందరూ ఇంతేనేమో అనిపిస్తుంది, అనిపించకపోతేనే ఆశ్చర్యం.

ఇంకో ఫీచర్ ఉంది, "చరిత్రలో ఈరోజు" అని. రోజుకో కార్డ్. నాకు చాలా ఇష్టమైన ఫీచర్ ఇదే, అందుకే దీని మీదే ఎక్కువ బాధ. జనవరి 9 కార్డ్ చూడండి. 2015లో పారిస్‌లో యూదుల సూపర్‌మార్కెట్ మీద దాడి. కార్డులో దాడి చేసినవాడి మతం ఉంది, నలుగురు బందీలు చనిపోయారని ఉంది, అంతే, అయిపోయింది. అదే షాపులో లసానా బాతిలీ అనే కుర్రాడు పనిచేసేవాడు, మాలి దేశం నుంచి వచ్చినవాడు, అతనూ ముస్లిమే. కాల్పులు మొదలవగానే కిందికి పరిగెత్తుకొచ్చిన కస్టమర్లని బేస్‌మెంట్‌లో కోల్డ్ రూమ్‌లోకి పంపి, ఫ్రీజర్ ఆపేసి, లైట్లు తీసేసి, చప్పుడు చేయొద్దని చెప్పాడు. తర్వాత తను ఎలాగో బయటపడి లోపల ఏది ఎక్కడుందో పోలీసులకి చెప్పాడు. ఇక్కడే నాకు గుండె పట్టేసింది, అతను బయటికి రాగానే పోలీసులు అతన్ని కూడా దాడి చేసినవాళ్లలో ఒకడు అనుకుని కింద పడుకోబెట్టి చేతులకి బేడీలు వేశారు, గంటకు పైగా అలాగే ఉంచారు. లోపల జనం ప్రాణాలు కాపాడి వచ్చిన మనిషిని. అదే నెలలో ఫ్రాన్స్ అతనికి పౌరసత్వం ఇచ్చింది. దానికి రెండ్రోజుల ముందు, జనవరి 7న, షార్లీ ఎబ్డో అనే వ్యంగ్య పత్రిక ఆఫీసు దగ్గర ఫుట్‌పాత్ మీద పడి ఉన్న పోలీసుని దగ్గరికొచ్చి కాల్చి చంపారు చూడండి, ఆయన పేరు అహ్మద్ మెరాబే, ఆయనా ముస్లిమే. ఈ ఇద్దరి పేర్లూ కార్డుల్లో లేవు. చంపినవాడి మతం చెప్పడానికి జాగా ఉంటే కాపాడినవాడి మతం చెప్పడానికి ఎందుకు లేదు? ఒకటి చెప్తే రెండోదీ చెప్పండి, లేదా రెండూ వదిలేయండి.

జులై 22 కార్డ్ ఇంకోరకం. 2011లో నార్వేలో బాంబుకి ఓస్లోలో 8 మంది, తర్వాత ఉటోయా దీవిలో కాల్పులకి 69 మంది, మొత్తం 77 మంది చనిపోయారు, ఎక్కువమంది చిన్న వయసు పిల్లలు. చేసినవాడు తను క్రైస్తవ యూరప్‌ని కాపాడుతున్నానని పేజీలకి పేజీలు రాసుకున్నాడు. కార్డులో మాత్రం "ఉన్మాది" అని ఉంది. నాకు ఆ మాట మీద అభ్యంతరం లేదు, వాడి పనికి ప్రపంచంలో ఉన్న క్రైస్తవులని నిలదీయడం దారుణం, ఎవరూ నిలదీయలేదు కూడా, అదే సరైన పద్ధతి. నా గొడవల్లా ఆ సరైన పద్ధతి అందరికీ ఎందుకు లేదు అనే. పైగా ఆ రోజు మొదటి కొన్ని గంటలు ఇంకా ఏమీ తేలకముందే పెద్ద పెద్ద చానళ్లలో కూర్చున్న ఎక్స్‌పర్టులు ఇది ఇస్లామిక్ ఉగ్రవాదుల పనేమో అని మాట్లాడేశారు. 1995లో టోక్యో మెట్రో రైళ్లలో సారిన్ అనే విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో వాళ్లు కూడా బౌద్ధం నుంచి, ఇంకా వేరేవాటి నుంచి ముక్కలు తీసుకుని కలిపి వాడుకున్నవాళ్లే. ఆ తర్వాత బౌద్ధుడు కనిపిస్తే జనం పక్కకి తప్పుకున్నారా? లేదు కదా, అది ఒక ముఠా అని అర్థం చేసుకున్నారు.

థామస్ పెటిగ్రూ అనే సోషల్ సైకాలజిస్ట్ 1979లో దీని గురించి రాశాడు. మనకి పడని గుంపులో ఒకడు చెడ్డపని చేస్తే వాళ్ల స్వభావమే అంత అనుకుంటాం, మంచిపని చేస్తే వీడొక్కడు వేరు, లేకపోతే ఏదో కలిసొచ్చింది అనుకుంటాం. ఈ యాప్ టీమ్ కూర్చుని కుట్ర చేస్తోందని నేను అనట్లేదు, ఏ హెడ్డింగ్ ఎక్కువ మంది నొక్కితే అదే పైకొస్తుంది, జనం బుర్రలో ముందే ఉన్న ఈ జబ్బుకి యాప్ రోజూ నీళ్లు పోస్తోంది, అంతే.

దీని గురించి మాట్లాడితే వెంటనే వచ్చే ప్రశ్న, "వాళ్లే గ్రంథం పట్టుకుని, దేవుడి పేరు చెప్పి చంపుతుంటే మతానికి సంబంధం లేదంటారా?" అని. న్యాయమైన ప్రశ్నే. మతం పేరుతో చేసినప్పుడు ఆ సంగతి దాచాలని నేను అనను. "వాళ్లు అసలు మా మతం వాళ్లే కాదు" అని చేతులు దులుపుకోవడం కూడా నాకు నచ్చదు, ఏ మతం వాళ్లయినా తమ మధ్య ద్వేషం నూరిపోసేవాళ్లని తామే ముందు నిలదీయాలి. కానీ సంబంధం ఉంది అనడం వేరు, మతం మొత్తం అదే అనడం వేరు. 1963 సెప్టెంబర్ 15న అమెరికాలో బర్మింగ్‌హామ్‌లో నల్లజాతివాళ్ల బాప్టిస్ట్ చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపింది కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా వాళ్లు. శిలువలు తగలబెట్టి మేమే అసలైన క్రైస్తవులం అనేవాళ్లు. చనిపోయిన పిల్లలు ఆదివారం ప్రార్థనకి వచ్చినవాళ్లు. వాళ్లలో ముగ్గురి అంత్యక్రియల్లో మాట్లాడిన మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్. అందరి చేతుల్లోనూ ఒకటే బైబిల్. ఇప్పుడు క్రైస్తవం అంటే ఎవరిని చూసి చెప్పాలి? 2014 డిసెంబర్ 16న పెషావర్‌లో పాకిస్తాన్ తాలిబన్ ముఠా ఒక స్కూల్లోకి చొరబడి 140 మందికి పైగా చంపింది, ఎక్కువ పిల్లలే, ముస్లిం పిల్లలే. ఇస్లాం అంటే ఆ తుపాకీ పట్టుకున్నవాడా, పుస్తకాల సంచీతో వచ్చిన పిల్లాడా? మయన్మార్‌లో 2007లో సైనిక ప్రభుత్వానికి ఎదురుగా రోడ్ల మీదికొచ్చింది బౌద్ధ భిక్షువులే, ఆ తర్వాత కొన్నేళ్లకి ముస్లింల మీద విషం కక్కిన కొందరు వేసుకున్నదీ అదే కాషాయం.

ముఠా పేరు రాయండి. దానికి డబ్బు ఎవరిచ్చారో, ఏ నాయకుడు ఏం నూరిపోశాడో రాయండి. అది వార్త. అవేవీ లేకుండా ఒక్క మతం పేరు రాసి వదిలేస్తే చదివినవాడి కోపం ముఠా మీదకి పోదు, పక్కింటివాళ్ల మీదకి పోతుంది.

ఇది ఊరికే అనట్లేదు. 1984 అక్టోబర్ 31న ఇందిరా గాంధీని చంపింది ఇద్దరు అంగరక్షకులు. ఆ ఇద్దరూ సిక్కులు అన్న ఒక్క కారణంతో తర్వాత రోజుల్లో ప్రభుత్వ లెక్క ప్రకారమే ఒక్క ఢిల్లీలోనే 2,700 మందికి పైగా సిక్కుల్ని చంపేశారు. 1948 జనవరి 30న గాంధీ హత్య జరిగిన సాయంత్రం రేడియోలో చంపినవాడు హిందువు అని స్పష్టంగా చెప్పారు, ఎందుకంటే అప్పటికే చంపింది ముస్లిం అని పుకారు మొదలైంది, అది పాకితే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. మతం పేరు చెప్పడం కూడా ఒక్కోసారి అవసరం అని నేను అనేది ఇలాంటి చోట, ప్రాణాలు కాపాడటానికి. అయినా తర్వాత మహారాష్ట్రలో గాడ్సే కులం వాళ్లు అన్న కారణంతో అమాయక బ్రాహ్మణుల ఇళ్లు తగలబెట్టారు. కులం అయినా మతం అయినా జనం లెక్క ఒకటే, ఒకడు చేస్తే అందరూ కట్టాలి.

2001 సెప్టెంబర్ 11 కార్డ్ ఈ యాప్ ఏటా పంపిస్తుంది, దాదాపు 3,000 మంది చనిపోయిన రోజు, పంపించాలి కూడా. కానీ నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబర్ 15న, అరిజోనాలో మెసా అనే చోట బల్బీర్ సింగ్ సోధీ తన పెట్రోల్ బంకు బయట పూలమొక్కలు నాటిస్తుంటే ఒకడు వచ్చి కాల్చి చంపాడు. తలపాగా, గడ్డం చూసి ముస్లిం అనుకున్నాడు. ఆయన సిక్కు. నిజంగా ముస్లిమే అయినా ఆ విమానాలకీ ఆయనకీ ఏం సంబంధం? 2016లో ఆయన తమ్ముడు రాణా సింగ్ సోధీ జైల్లో ఉన్న ఆ హంతకుడితో ఫోన్‌లో మాట్లాడాడు, వాడు క్షమాపణ అడిగాడు, ఈయన క్షమించానన్నాడు. అన్నని పోగొట్టుకున్న మనిషి వాడి దేశాన్నీ వాడి మతాన్నీ తిట్టలేదు, వాడొక్కడితోనే మాట్లాడాడు. ఈ కార్డ్ కోసం సెప్టెంబర్ 15న చూశాను, లేదు.

న్యూజిలాండ్ గురించి కూడా చెప్పాలి. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో కాల్పులు, 51 మంది చనిపోయారు. అప్పటి ప్రధాని జసిండా ఆర్డర్న్ చంపినవాడి పేరు తన నోట రానివ్వనని చెప్పింది, చనిపోయినవాళ్ల పేర్లు పలకమంది. భార్య హుస్నాని పోగొట్టుకున్న ఫరీద్ అహ్మద్ వాడిని క్షమించానని అందరి ముందూ చెప్పాడు. ఈ యాప్ కార్డులో చంపినవాడి ఫోటో పెద్దగా ఉంది, ఫరీద్ లేడు, హుస్నా లేదు.

ఇదంతా సపోర్ట్‌కి రాశాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, సంబంధిత టీమ్‌కి పంపించాం అని ఒక రెడీమేడ్ రిప్లై వచ్చింది, మళ్లీ రాస్తే అదే మళ్లీ వచ్చింది. కామెంట్లు రిపోర్ట్ చేస్తే ఒకటీ అరా తీసేశారు, "ఆ మతమే అంత" లాంటివి మాత్రం రూల్స్‌కి వ్యతిరేకం కాదని జవాబిచ్చారు. బూతు ఉంటే తీసేస్తారు, కోట్లమందిని ఒక్క మాటతో నేరస్తుల్ని చేస్తే ఉంచేస్తారు. ఆ రూల్ రాసినవాళ్లు తమ మతం పేరు పెట్టి ఆ కామెంట్ ఒక్కసారి చదువుకోవాలి.

వాడక తప్పదు అనుకునేవాళ్లకి ఒక మాట. సెట్టింగ్స్‌లో క్రైమ్ నోటిఫికేషన్లు విడిగా ఆఫ్ చేసుకోవచ్చు, చాలామందికి తెలీదు, కేటగిరీస్ లోపల కింద ఎక్కడో ఉంటుంది. అలాంటి వార్త మీద కాసేపు నొక్కి పట్టుకుంటే "ఇలాంటివి తక్కువ చూపించు" అని వస్తుంది, కొంచెం తగ్గుతుంది, పూర్తిగా పోదు. పిల్లలు వాడే ఫోన్లో అయితే కామెంట్లు కనబడకుండా చేసి ఇవ్వండి.

నా రేటింగ్ రెండు స్టార్లు, అదీ స్పీడ్‌కీ ఆఫ్‌లైన్‌కీ. హెడ్డింగ్‌లో మతం ఎప్పుడు రాయాలో ఒక రూల్ పెట్టుకుని అది అందరికీ ఒకేలా పాటిస్తే, జనవరి 9 కార్డులో లసానా బాతిలీ పేరు ఎక్కిస్తే, రివ్యూ మార్చి నాలుగు ఇస్తా.