నౌరూజ్ సబ్జేకు గోధుమలా, మసూర్లా?

మార్చి 20 ప్రాంతంలో, విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే) క్షణానే ఇరాన్‌లో కొత్త సంవత్సరం, నౌరూజ్. ఆ పండక్కి ‘స’తో మొదలయ్యే ఏడు వస్తువులు పేర్చే హఫ్త్‌సీన్ బల్లపై సబ్జే, అంటే మొలకల పళ్లెం, ఉండాల్సిందే.

నానడం: రెండూ ఒక పగలూ రాత్రీ. ఆపై తెల్లటి మొలక కనిపించేదాకా తడిగుడ్డలో.

సమయం: గోధుమలకు రెండు వారాలు. మసూర్లకు 10–12 రోజులు చాలు.

రూపం: గోధుమ గడ్డిలా నిటారుగా లేస్తుంది, వాలకుండా నడుముకు ఎర్ర రిబ్బను కడతారు. మసూర్ పొట్టిగా, గుబురుగా ఉంటుంది. చూడ్డానికి ఇదే అందం.

ముప్పు: బూజు. గింజలు గుట్టగా పడినా, పళ్లెంలో నీళ్లు నిలిచినా పట్టేస్తుంది. మసూర్ త్వరగా వాసనొస్తుంది. నీళ్లు చిలకరించాలి, పోయకూడదు. పొట్టు తీసిన ఎర్రపప్పు అసలు మొలవదు. పొట్టున్న గుండు మసూరే కొనాలి.

13వ రోజు, సీజ్దా బెదర్‌నాడు పారే నీటిలో వదిలేదాకా పచ్చగా నిలవాలంటే గోధుమ. మొదలుపెట్టడం ఆలస్యమైతే మసూర్.