డరమ్ కెథీడ్రల్: టికెట్ అక్కర్లేని చోటే అసలు సరుకు

ఇంగ్లండ్‌లో పాత మఠాల చర్చిల్లో ఒక్కటే చూసే తీరిక ఉంటే డరమ్‌కే వెళ్లాలి. రైల్వే స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. చివర్లో రాళ్లు పరిచిన ఎత్తు దారి, చక్రాల సూట్‌కేసుతో అయితే చుక్కలు కనిపిస్తాయి. చర్చిలోకి టికెట్ లేదు, తోచినంత విరాళం వేయొచ్చు. మ్యూజియానికీ టవర్‌కీ మాత్రం విడిగా కొనాలి.

లోపల ముందు చూడాల్సింది కప్పు. 1093లో బెనెడిక్టైన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులకోసం పునాది వేశారు, 1133కల్లా నడిమి శాల మీద రాతి కప్పు పూర్తయింది. కిటుకంతా శాలకి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడకి వేసిన కమాన్లలో ఉంది, అవి కొసదేలినవి. అర్ధచంద్రాకారపు కమాను ఎత్తు దాని వెడల్పులో సగం, అంతకు మించి కదలదు. కొసదేలిన కమానుకి ఆ బాధ లేదు, కావలసిన ఎత్తుకి తేవచ్చు. కప్పు బరువుకి గోడలు బయటికి ఒరక్కుండా ఆపే ఊత కమాన్లు పక్క శాలల పైకప్పు కింద దాక్కున్నాయి, కింది నుంచి కనబడవు.

తూర్పున, గాయకులు కూర్చునే భాగం మీద ముందు వేసిన కప్పు నిలవలేదు. బీటలు వారితే 13వ శతాబ్దంలో తీసేసి కొత్తది వేశారు. అందుకే చర్చిలో పాత భాగం మీద కొత్త కప్పుంది!

గుండ్రటి స్తంభాల చుట్టుకొలత 6.6 మీటర్లు, ఎత్తూ అంతే. వాటి మీది జిగ్‌జాగ్ గీతల్ని నిలబెట్టాక చెక్కలేదు, రాయి రాయినీ ముందే చెక్కి పేర్చారు. అతుకుల దగ్గర కాసేపు ఆగి చూడండి.

పడమటి వైపు నేలలో నల్లరాతి గీత ఉంటుంది. మఠం రోజుల్లో ఆడవాళ్లు దాన్ని దాటకూడదు. మేరీమాత ప్రార్థన గది తూర్పున కట్టబోతే గోడలు పగిలాయి. తూర్పునే సమాధి ఉన్న 7వ శతాబ్దపు సాధువు సెయింట్ కత్బర్ట్‌కి ఇష్టం లేదన్నారు గానీ, నేల మెత్తన. చివరికి 1170ల్లో పడమట కట్టారు. ఇంగ్లండ్ తొలినాళ్ల చరిత్ర రాసిన సన్యాసి బీడ్ సమాధి అక్కడే.

బయటి గోడలు అంత గొప్పగా ఉండవు. 18వ శతాబ్దం చివర్లో మరమ్మతు పేరుతో పైరాయి చెక్కేశారు. టవర్‌కి 325 మెట్లు, ఇరుకు, మోకాళ్ల నొప్పులుంటే వద్దు. ఆ డబ్బు మ్యూజియానికి పెట్టండి: ఉత్తర ద్వారం మీది కంచు తలుపు కడియం నకలు, అసలుది అందులోనే ఉంది. కత్బర్ట్ చెక్క శవపేటికా అక్కడే, ఎనిమిది మూలల మఠం వంటశాలలో. ఆ వంటశాల కప్పు కూడా చూడండి.