సెకండ్ హ్యాండ్ బట్టల యాప్: ఆరు నెలలు వాడాక

కొత్త బట్టలు కొనడం తగ్గిద్దామని ఆరు నెలల కింద ఈ యాప్ వేసుకున్నా. పేరు చెప్పను గానీ అనుభవం మాత్రం ఉన్నదున్నట్టు చెప్తా. మొదటి ఆర్డరే దెబ్బకొట్టింది. ఫొటోలో నిగనిగలాడిన చొక్కా చేతికొచ్చాక చూస్తే చంక దగ్గర కుట్టు ఊడిపోయి ఉంది, వెనక్కి పంపుదామంటే ఆ ఖర్చు మనదేనట!

అప్పట్నుంచి సైజు అక్షరాలు నమ్మడం మానేశా. నాకు సరిగ్గా సరిపోయే చొక్కాని టేపుతో కొలిచి పెట్టుకుని, అమ్మేవాళ్లని ఛాతీ, భుజం కొలతలతో పాటు లోపలి లేబుల్ ఫొటో కూడా అడుగుతున్నా, ఇవ్వకపోతే కొనను.

బాగా నచ్చింది గుడ్డ రకం ఫిల్టర్. పాలియెస్టర్ ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి వదులుతుంది, కాటన్‌తో కలిపి నేస్తే రీసైకిల్ చేయడమూ కష్టమే, అందుకే నేను నూరు శాతం కాటన్, లినెన్ మాత్రమే చూస్తా.

కొత్త బట్టల విభాగంలో మాత్రం ప్రతిదానికీ ‘ఎకో’ అని ఆకుపచ్చ బొమ్మ తగిలించారు, దానికి అర్థం పర్థం లేదు. గాట్స్ (GOTS, ఆర్గానిక్ బట్టలకిచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ) ముద్ర ఉంటే కనీసం 70 శాతం ఆర్గానిక్ నార ఉండాలి, అది నమ్మొచ్చు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అనే ఇంకో ముద్ర ఉందంటే హానికర రసాయనాల పరీక్ష పాసైందని, అంతే, ఆర్గానిక్ అని కాదు.

చవగ్గా ఉన్నాయని వేసుకోనివి నాలుగు కొన్నా, అది యాప్ తప్పు కాదులెండి. ఐదుకి మూడు స్టార్లు, రిటర్న్ పద్ధతి మారిస్తే నాలుగిస్తా.