ఇంటి నుంచి వాయిస్ ఓవర్: మైకు, మూల, సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి వాడాక

సామాను ఇది: రోడ్ ఎన్‌టీ1 మైకు, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో మూడో తరం ఇంటర్‌ఫేస్ (మైకును లాప్‌టాప్‌కు కలిపే పెట్టె), ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం40ఎక్స్ హెడ్‌ఫోన్లు, రీపర్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, మామూలు లాప్‌టాప్, పడకగదిలో రాక్‌వూల్ (రాతి పీచు) పలకలతో కట్టుకున్న ఒక మూల. ఐవీఆర్ (కంపెనీలకు ఫోన్ చేస్తే వినిపించే రికార్డు గొంతు), ఈ-లెర్నింగ్ పాఠాలు, దుకాణాల ప్రకటనలు, ఆడియో కథలు, తెలుగులో ఇంటి నుంచి దొరికే పనులన్నీ దీని మీదే నడిచాయి. సినిమా డబ్బింగ్ సంగతి ఇక్కడ లేదు. అది స్టూడియోకి వెళ్లి చేసే వేరే వృత్తి.

కొత్త సామాను మొదటి వారం ఎలాగూ బాగానే వినిపిస్తుంది. ఆరు నెలల తర్వాత క్లయింటు ఫోన్ చేసి, "ఆ వీడియోలో రెండు వాక్యాలు మారాయండీ, చదివి పంపిస్తారా" అన్నప్పుడు దాని సత్తా తెలుస్తుంది. ఆ రెండు వాక్యాలూ పాత ఫైల్లో అతుకు తెలియకుండా కూర్చోవాలి. కూర్చుంటే పని మళ్లీ వస్తుంది, లేదంటే మొత్తం ఇంకొకరితో చదివించుకుంటారు. అందుకే ఇక్కడ ప్రతి వస్తువునూ ఇవాళ్టి ధ్వనే రేపూ ఇస్తుందా అన్న లెక్కలోనే చూశాను.

ముందు మైకు. ఎన్‌టీ1 సొంత రొద 4 నుంచి 4.5 డెసిబెల్స్. చాలామంది మొదట కొనే ఏటీ2020కి అది 20. నిశ్శబ్దంగా ఉన్న మూలలో, మెల్లగా చదివే కథల్లో ఈ తేడా స్పష్టంగా వినిపిస్తుంది. వీధి పక్క గదిలో, ఫ్రిజ్ గోడకు అవతలే ఉన్న ఇంట్లో అసలు వినిపించదు. కాబట్టి గది కుదరనంత వరకు ఏటీ2020 చాలు, మిగిలిన డబ్బు గదికి పెట్టండి. పాడ్‌కాస్ట్ వీడియోల్లో చూసి షూర్ ఎస్ఎం7బీ మైకు కొనేవారు ఒకటి గమనించాలి. దానికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ (మైకు ధ్వనిని పెంచే మోతాదు) కావాలి, సోలో మూడో తరం ఇచ్చేది 56. మధ్యలో ధ్వని పెంచే ఇంకో పెట్టె, ప్రీయాంప్, పెట్టక తప్పదు. ఎన్‌టీ1 సున్నితమైన మైకు కనుక సోలో నాబ్ సగం దాటించే పనే పడదు. ఐదో తరం ఎన్‌టీ1కి యూఎస్‌బీ కూడా ఉంది, ఇంటర్‌ఫేస్ లేకుండానే మొదలుపెట్టవచ్చు. అయితే మైకుకు హెడ్‌ఫోన్ జాక్ లేదు, గొంతు వింటూ చదవాలంటే లాప్‌టాప్ నుంచే వినాలి, కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది.

మైకుకీ పాప్ ఫిల్టర్‌కీ (నోటి గాలిని ఆపే జాలీకీ) మధ్య నాలుగు వేళ్లు, అక్కడి నుంచి పెదవులకు ఇంకో నాలుగు వేళ్లు. మైకు నోటికి సూటిగా కాకుండా ముక్కు ఎత్తులో, కాస్త పక్కకు ఉండాలి. అప్పుడు ప, ఫ, భ అక్షరాల గాలి మైకు లోపలి పలచని పొర, డయాఫ్రమ్, పక్కనుంచి పోతుంది, స, శ కూడా గుచ్చుకోవు. ఇంకా దగ్గరికి జరిగితే గొంతు బరువుగా, రేడియోలో లాగా వస్తుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది కానీ ఆ దూరం ప్రతిసారీ నిలబెట్టుకోవడం కష్టం, తల రెండు వేళ్లు కదిలితే స్వరం మారిపోతుంది. నిలబడే చోట నేల మీద టేపు అంటించండి. గెయిన్ నాబ్ ఎక్కడుందో మార్కర్‌తో గీత గీయండి. మామూలు మాటకు మీటరు మీద పీక్స్ (గరిష్ఠ స్థాయిలు) -12 నుంచి -9 డెసిబెల్స్ మధ్య ఆడేట్టు ఒకసారి పెట్టుకున్నాక దాన్ని ముట్టుకోవద్దు. చవక బూమ్ ఆర్మ్ స్ప్రింగు కొంతకాలానికి సాగిపోయి, రికార్డింగ్ మధ్యలో మైకు మెల్లగా కిందికి దిగుతుంది. మైకు స్టాండు నేలది, బరువైనది కొనడం మేలు.

విశాఖ, కాకినాడ వైపు ఉండేవారికి ఒక మాట. ఎన్‌టీ1 లాంటి కండెన్సర్ మైకులోకి తేమ చేరితే చిటపటలు మొదలవుతాయి. పని అయిపోగానే మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో పాటు పెట్టండి, జెల్ రంగు మారగానే మార్చండి.

ఇక గది. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ఒక అంగుళం మందం నల్ల ఫోమ్ గోడంతా అంటిస్తే చప్పట్ల ప్రతిధ్వని తగ్గుతుంది, గొంతు మాత్రం పెట్టెలోంచి వచ్చినట్టే ఉంటుంది. అంత పలచని ఫోమ్ పై స్థాయి ధ్వనులనే పీల్చుకుంటుంది, మగ గొంతు బరువంతా ఉండే 100 నుంచి 300 హెర్ట్జ్ భాగాన్ని తాకదు. బయటి చప్పుడును ఏ ఫోమూ ఆపదు. ఆపేది బరువు, సందులు లేని తలుపు.

పని చేసింది రాక్‌వూల్. ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత, రెండంగుళాల పలకలు రెండేసి కలిపి నాలుగంగుళాల మందం, చెక్క ఫ్రేములో పెట్టి దళసరి నూలు బట్ట చుట్టాలి. కోసేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. ఆరు ఫ్రేములు సరిపోయాయి. వాటిని ఎక్కడ పెట్టాలన్నదే అసలు కిటుకు. అందరూ మైకు వెనక గోడకు పెడతారు. ఈ మైకు వినేది మాత్రం మీ వైపు, అంటే మీ వీపు వెనకున్న గోడను కూడా. రెండు ఫ్రేములు మీ వెనక, రెండు పక్కలకు, ఒకటి తల పైన, మిగిలినది మైకు వెనక. ఫ్రేముకీ గోడకీ మధ్య రెండంగుళాల ఖాళీ వదిలితే కింది స్థాయి ధ్వని ఇంకా బాగా అణుగుతుంది. ఇంత ఖర్చు ముందే వద్దనుకుంటే బట్టలు ఆరేసే స్టాండ్లు రెండు మీ వెనక నిలబెట్టి దళసరి రజాయిలు మడతలుగా వేయండి. ఈ-లెర్నింగ్ పనికి అది చాలు. స్క్రిప్టు పెట్టుకునే నున్నటి బల్ల మీద తువ్వాలు పరవడం మరవద్దు, గొంతు బల్లకు తగిలి తిరిగొస్తే డొల్లగా వినిపిస్తుంది.

నిశ్శబ్దాన్ని చెవితో కాదు, మీటరుతో కొలవాలి. కాస్త మాట, దాని వెంట పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేసి, సాఫ్ట్‌వేర్‌లో మాట సగటు స్థాయిని -20 దగ్గరికి తెచ్చి, ఆ పది సెకన్ల ఆర్ఎంఎస్ (సగటు స్థాయి) చూడండి. అమెజాన్ వారి ఏసీఎక్స్ ఆడియో పుస్తకాలకు పెట్టిన కొలతలు సగటు -23 నుంచి -18, పీక్ -3 లోపు, రొద -60 కన్నా కింద. మన దేశంలో ఉండేవారికి ఆ వేదిక తెరవలేదు, అయినా సొంత పనికి ఆ కొలతలే పెట్టుకోండి, ఏ క్లయింటూ తిప్పి పంపడు. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే -60 రాదు. ఫ్యాన్, ఏసీ ఆపి ఇరవై నిమిషాలు చదవడం, పది నిమిషాలు గాలి, మే నెలలో ఇదే పద్ధతి.

జుయ్ మనే రొద గదిది కాదు, కరెంటుది. చాలా పాత ఇళ్లలో మూడో పిన్నుకు ఎర్త్ సరిగా ఉండదు. లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. రొద ఆగిందా, చార్జర్‌దే తప్పు, బ్యాటరీ మీదే రికార్డు చేసుకోవచ్చు. ఆగకపోతే ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు, డిమ్మరు ఉన్న లైట్లు ఆపి చూడండి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రికార్డింగ్ పెట్టుకోవద్దు, ఆ గరగర ఏ సాఫ్ట్‌వేర్‌కీ పూర్తిగా లొంగదు.

సాఫ్ట్‌వేర్‌లో ఆడాసిటీ ఉచితం, చిన్న పనులకు లోటేమీ ఉండదు. రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు, తర్వాత సొంతానికి లైసెన్సు 60 డాలర్లు. గంటల తరబడి సాగే పుస్తకాలకు రీపరే హాయి. ఏది వాడినా పంచ్ అండ్ రోల్ నేర్చుకోండి: తప్పు చదివిన చోటికి రెండు మూడు సెకన్లు వెనక్కి వెళ్లి, పాత గొంతు వింటూ అదే ఊపులో అందుకోవడం. ఎడిటింగ్ సగానికి తగ్గుతుంది, స్వరం కూడా పాత వాక్యంతో కలుస్తుంది.

ఇంటర్నెట్లో దొరికే ఇంగ్లీషు ప్రీసెట్లు (ముందే కూర్చిన సెట్టింగులు) తెలుగుకు ఎక్కడ చెడతాయో చూడండి. నాయిస్ గేట్ ఒక స్థాయి కన్నా చిన్న ధ్వనిని పూర్తిగా మూసేస్తుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, వాక్యం చివర ఆ అచ్చు మెల్లగా సన్నబడుతుంది. గేటు దాన్ని రొద అనుకుని కోసేస్తుంది. "వచ్చాడు" కాస్తా "వచ్చాడ్" అయిపోతుంది, "చూడండి"లో చివరి ఇకారం మాయమవుతుంది. వినేవాడికి కారణం తెలియదు, ఈ మనిషికి తెలుగు సరిగా రాదేమో అనిపిస్తుంది. గేటు తీసేసి, చిన్న ధ్వనిని మూసేయకుండా తగ్గించే ఎక్స్‌పాండరుతో 6 నుంచి 8 డెసిబెల్స్ మాత్రమే తగ్గించండి. నాయిస్ రిడక్షన్‌కూ ఇదే జాగ్రత్త, 6 దాటితే హకారం, మహాప్రాణాలు నీళ్లలోంచి వచ్చినట్టుంటాయి. నేను నిలకడగా వాడేది ఇంతే: 80 హెర్ట్జ్ కింద కోత, ఆడగొంతు అయితే 100, రెండింటికొకటి నిష్పత్తిలో మూడు నాలుగు డెసిబెల్స్ కంప్రెషన్ (పెద్ద ధ్వనిని అణచడం), చివర -3 దగ్గర లిమిటర్ (ఆ స్థాయి దాటనివ్వనిది). దీన్ని క్లయింటు పేరుతో ప్రీసెట్‌గా దాచుకోవాలి. ఏమీ తాకని అసలు ఫైలు, ఆ రోజు రూమ్ టోన్ (మాట లేని గది ధ్వని) పది సెకన్లు, ఈ రెండూ హార్డ్ డిస్కులో ఉంచితే పికప్ (తర్వాత మార్చి చదవాల్సిన వాక్యాలు) వచ్చిన రోజు పాత టేకు విని దానికి గొంతు కలపడం సులువు.

ఐవీఆర్ పని ఒప్పుకునే ముందు అంకెల జాబితా చూడండి. కంపెనీ పంపే జాబితా ఇంగ్లీషుకు తయారైంది: సున్నా నుంచి వంద, ఆపైన వంద, వెయ్యి, లక్ష ముక్కలు. దాన్ని అలాగే చదివితే కరెంటు బిల్లు "రెండు వేలు వంద యాభై రూపాయలు" అని పలుకుతుంది. తెలుగులో ప్రతి మెట్టుకీ రెండు రూపాలు రికార్డు చేయాలి: ఆఖరున వస్తే వేలు, వందలు, వంద, తర్వాత ఇంకో అంకె ఉంటే వేల, వందల, నూట. స్వరం కూడా రెండు రకాలు, మధ్యలో వచ్చే ముక్క సమంగా నిలవాలి, చివరిది దిగాలి. ముక్కల సంఖ్య పెరుగుతుంది కాబట్టి ధర చెప్పకముందే ఈ సంగతి చెప్పాలి. ఫైళ్లు సాధారణంగా 8 కిలోహెర్ట్జ్ మోనో అడుగుతారు. మీరు 48 కిలోహెర్ట్జ్‌లోనే రికార్డు చేసి చివర్లో మార్చండి, అసలుది దాచుకోండి.

స్క్రిప్టులు పీడీఎఫ్‌లోనో 'అను' లాంటి పాత ఫాంట్లలోనో వస్తే అక్షరాలు తారుమారవుతాయి, యూనికోడ్ ఫైలు అడగండి. యంత్రం అనువదించిన స్క్రిప్టు నోరు తిరగదు. దిద్దడానికి విడిగా డబ్బు చెప్పండి, దిద్దిన ప్రతిని ఆమోదించాకే మైకు ముందుకు వెళ్లండి. ఇంగ్లీషు 30 సెకన్ల ప్రకటన తెలుగులో తరచూ 35 దాటుతుంది, మాటలు లెక్కపెట్టి లాభం లేదు, గడియారం పెట్టి చదివి చూపించాలి.

ధర ఏకమొత్తం చెప్పేకన్నా పూర్తయిన నిమిషానికి ఇంత అని చెప్పడం నయం. ఒక గంట పూర్తి ఆడియో చదవడం, దిద్దడం, మళ్లీ వినడం కలిపి నాలుగు నుంచి ఆరు గంటలు తింటుంది. ఫైవర్ లాంటి ఫ్రీలాన్స్ పనుల వేదిక మీ రాబడిలో 20 శాతం ఉంచుకుంటుంది, ధరలో అది కలపండి. మన దేశపు కంపెనీలు టీడీఎస్ కోసి చెల్లిస్తాయి, రిటర్ను వేసేటప్పుడు ఆ మొత్తం లెక్కలోకి తెచ్చుకోవాలి.

ఒప్పందంలో మూడు మాటలు రాయించుకోండి. మీరు తప్పు చదివితే ఉచితంగా దిద్దుతారు, స్క్రిప్టు మారితే పికప్‌కు కనీస రుసుము ఉంటుంది. గొంతు ఎక్కడ, ఎంతకాలం వాడతారో రాయాలి, ఊరి దుకాణం మైకుకీ టీవీ ప్రకటనకీ ఒకే ధర ఉండదు. మూడోది, ఈ రికార్డింగును ఏఐ గొంతు తయారీకి, శిక్షణకు వాడకూడదని స్పష్టంగా ఉండాలి. ఏ కథా సందర్భం లేకుండా వేల కొద్దీ విడి వాక్యాలు చదవమని పని వస్తే అది చాలావరకు అందుకే. చేయదలిస్తే చేయండి, కానీ దాని ధర మామూలు నిమిషం ధర కాదు, సంతకానికి ముందే తేల్చుకోవాలి.