బల్లార్షా–కాజీపేట దారిలో పాత మెము: కొన్నేళ్లుగా ఎక్కుతున్న ప్రయాణికురాలి సమీక్ష

ముందే చెప్పేస్తాను. మా దారిలో తిరుగుతున్న పాత మెము (విడిగా ఇంజిన్ లేకుండా కరెంటుతో నడిచే ప్యాసింజర్ బండి) నమ్మదగిన బండే. ఎక్కినవాళ్లను ఊరు చేరుస్తుంది. ఆలస్యమైన రోజుల్లో చాలావరకు తప్పు దానిది కాదు. అయినా ఇది ఈ దారికి తగిన బండి అని మాత్రం అనలేను. వేరే చోట వాడి ఇటు పంపారని తెలిసినప్పుడు "పాత డబ్బాలు మనకు అంటగట్టారు" అని ప్లాట్‌ఫాం మీద చాలామంది కోప్పడ్డారు. కోపం న్యాయమైనదే. కానీ కోప్పడాల్సింది బండి వయసు మీద కాదని ఇన్నేళ్లు ఎక్కాక నాకు అర్థమైంది.

నేను ఉండేది బల్లార్షాలో, ఉద్యోగం సిర్పూర్ కాగజ్‌నగర్‌లో, పుట్టిల్లు మంచిర్యాలలో. మహారాష్ట్ర వైపే అయినా రాజూరా, విరూర్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. రాజూరా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. పెళ్లి సంబంధాలు, ఆసుపత్రులు, పొలం కాగితాలు ఇప్పటికీ రెండు వైపులా ఉంటాయి. బస్సులు లేవని కాదు. పిల్లలు, మూటలు, ముసలివాళ్లతో వెళ్లాలంటే మాత్రం అన్ని స్టేషన్లలో ఆగే బండే మాకు దిక్కు.

మొదట బండి వయసు సంగతి. దీనికి ఎవరినీ అడగక్కర్లేదు. ప్రతి డబ్బా చివరి గోడ మీద పీఓహెచ్ వివరాలు రాసి ఉంటాయి. అంటే వర్క్‌షాప్‌లో పూర్తిగా విప్పి మరమ్మతు చేసింది ఎక్కడ, ఎప్పుడు, మళ్లీ ఎప్పుడు పంపాలి అనే లెక్క. మా రేక్‌లో, అంటే కలిపి నడిపే డబ్బాల వరుసలో, ఒక డబ్బా మీద కొత్త రంగు కింద పాత డిపో పేరు ఇంకా లీలగా కనిపిస్తుంది. ఇలాంటి డబ్బాలకు సాధారణంగా 25 ఏళ్ల ఆయుష్షు లెక్కగడతారు. కాబట్టి పాతది అన్నంత మాత్రాన పనికిరానిది కాదు. నేను చూసేది పీఓహెచ్ తేదీనే. ఆ తేదీ దగ్గరిదైతే ఫ్యాన్లు తిరుగుతాయి, కిటికీ రెక్కలు దిగుతాయి, బ్రేకులు మెత్తగా పడతాయి. గడువు దగ్గర పడ్డ డబ్బాలో కూర్చుంటే తేడా ఒళ్లంతా తెలుస్తుంది.

పరుగు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఇంతకుముందు ఇంజిన్ లాగే ప్యాసింజర్ ఉన్నప్పుడు మాణిక్‌గఢ్‌లో ఆగి కదిలి వేగం అందుకునేలోపే తర్వాతి స్టేషన్ దగ్గర పడేది. మెములో మోటార్లు ఇంజిన్‌లో కాకుండా మోటార్ కోచ్‌ల కింద ఉంటాయి. పాత రకంలో ఒక మోటార్ కోచ్‌కు మామూలుగా మూడు డబ్బాలు. బరువు లాగే పనిని మోటార్ కోచ్‌లు పంచుకుంటాయి కాబట్టి ఆగిన ప్రతిచోటా త్వరగా అందుకుంటుంది. రెండు చివర్లా డ్రైవర్ క్యాబ్ ఉంటుంది కనుక ఇంజిన్ మార్చి తగిలించే తతంగం కూడా లేదు. స్టేషన్ స్టేషన్‌కు ఆగే బండికి ఇంతకన్నా కావాల్సింది ఏముంది?

పాత రకమని ఎక్కడ తెలుస్తుందంటే కదిలేటప్పుడు. తీగలో వచ్చే 25 వేల వోల్టుల ఏసీ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ తగ్గిస్తుంది, రెక్టిఫయర్ డీసీగా మారుస్తుంది, దానితో డీసీ మోటార్లు తిరుగుతాయి. వోల్టేజీని ట్యాప్ చేంజర్ మెట్టు మెట్టుగా పెంచుతుంది. అందుకే మోటార్ కోచ్‌లో కూర్చుంటే టక్, టక్ అని వినిపిస్తుంది, ఒక్కో మెట్టుకు చిన్న తోపు. నిలబడ్డవాళ్లు పట్టుకోవాల్సిందే. అప్పుడప్పుడు దీనికి బదులు కొత్త త్రీఫేజ్ మెము వస్తుంది. స్టీలు డబ్బాలు, గంటకు 110 కిలోమీటర్ల దాకా వేగం, బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటును తిరిగి తీగలోకి పంపే ఏర్పాటు. అది కదిలింది కూడా తెలియదు. ఆ రోజు ఎక్కి మర్నాడు పాతదెక్కితే మనసు కష్టంగానే ఉంటుంది.

ఒక విషయం కొత్తవాళ్లు తప్పుగా అనుకుంటారు. దారిలో కొన్నిచోట్ల మోటార్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది, ఫ్యాన్లు నెమ్మదిస్తాయి, లైట్లు పోతాయి. మొన్నామధ్య పక్క సీట్లో పసిబిడ్డతో ఉన్న అమ్మాయికి టెన్షన్ పట్టుకుంది.

"ఏందక్కా, బండి ఖరాబైందా?"

"లేదమ్మా, న్యూట్రల్ సెక్షన్. ఇప్పుడే వస్తది చూడు."

నా మాట పూర్తయ్యేలోపే ఫ్యాన్లు తిరిగాయి. రెండు సబ్‌స్టేషన్ల కరెంటు కలవకుండా మధ్యలో కొంత తీగను ఖాళీగా వదులుతారు. అది రాకముందే లోకో పైలట్ కరెంటు ఆపే బ్రేకర్ తీసేసి, ఊపు మీద దాటించి, మళ్లీ వేస్తాడు. కిటికీలోంచి చూస్తే 500 మీటర్ల ముందు ఒకటి, 250 మీటర్ల ముందు ఒకటి హెచ్చరిక బోర్డులు కనిపిస్తాయి. ఇంజిన్ లాగే ప్రతి ఎలక్ట్రిక్ బండీ ఇలాగే దాటుతుంది, మెములో మనకు తెలుస్తుంది, అంతే. దీన్ని బండి లోపంగా చెప్పుకోవడం అన్యాయం.

నిజమైన లోపాలు వానాకాలంలో బయటపడతాయి. డీసీ మోటార్లలో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి, వాటిని చూసుకుంటూ ఉండాలి. మాది బొగ్గు గనుల ప్రాంతం. గాలిలో ఎప్పుడూ ఉండే నల్ల ధూళికి వాన తేమ తోడైతే మోటార్లకు మంచిది కాదు. ఒక ఆషాఢంలో విరూర్ దాటాక బండి ఆగింది. కాసేపు సిబ్బంది కిందికి దిగి చూశారు, తర్వాత చెడిపోయిన మోటార్ కోచ్‌ను తప్పించి మిగతా దానితో నడిపారు. మకుడి ముందు చిన్న ఎత్తుకే రొప్పినట్టు వెళ్లింది, కానీ కాగజ్‌నగర్ చేరింది. ఇంజిన్ లాగే బండి అయితే ఇంకో ఇంజిన్ వచ్చేదాకా అడవిలోనే ఉండేవాళ్లం. ఈ పాత రకం మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. తుంపర పడ్డ రోజుల్లో బ్రేకు వేస్తే చక్రం జారి ఒకచోట అరుగుతుంది. ఆ తర్వాత చక్రాలు సరిచేసేదాకా ఆ డబ్బా కింద టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది. అలాంటి డబ్బా తగిలితే మరో దాంట్లోకి మారిపోండి.

ఆలస్యం గురించి. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యాకే మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది. దేశంలోని పెద్ద బండ్లు చాలా ఈ పట్టాల మీదే పోతాయి, వాటికి బొగ్గు, సిమెంటు గూడ్సులు తోడు. అందుకే మా బండిని లూప్‌లో, అంటే పక్క పట్టాల మీద, పెట్టి వాటిని ఒకటి తర్వాత ఒకటి పంపిస్తారు. కొత్త రేక్ వచ్చిన రోజు కూడా అదే లూప్‌లో అంతసేపూ నిలబడుతుంది. మూడో లైను వాడుకలోకి వచ్చిన మేర కొంత మెరుగైంది, అది నేను స్వయంగా చూస్తున్నాను.

ఛార్జీ సంగతి ఒక్క మాట. కరోనా తర్వాత ఇలాంటి బండ్లకు ఎక్స్‌ప్రెస్ లెక్కన కనీసం 30 రూపాయలు తీసుకున్నారు. 2024 ఫిబ్రవరి చివర్లో మళ్లీ 10 రూపాయలకు తెచ్చారు. కూలికి వెళ్లేవాళ్లకు ఆ ఇరవై రూపాయలు చాలా పెద్దవి. వాళ్లు మళ్లీ బండిలో కనిపించడం నాకెంతో సంతోషం.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే విషయం మరుగుదొడ్డి. పాత మెములు నగరాల చుట్టూ గంటా గంటన్నర తిరిగేవాళ్ల కోసం అనుకుని కట్టినవి. అందుకే చాలావాటిలో మరుగుదొడ్లు పెట్టలేదు. అలాంటి రేక్‌ను 230 కిలోమీటర్లకు పైగా ఉన్న దారికి పంపితే ఎలా? లూప్‌లో నిలబెట్టిన సమయం కూడా కలిపితే సగం రోజు పోతుంది. షుగర్ ఉన్న మా అమ్మ ఈ బండెక్కే రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగదు. గర్భిణులు ఆగిన చోటల్లా దిగి పరుగెత్తడం, బండి కదిలితే భర్త తలుపు దగ్గర నిలబడి అరవడం చూశాను. మోటార్లు ఎంత బాగా నడిచినా, ఆడవాళ్లు గొంతు ఎండబెట్టుకుని ప్రయాణించాల్సిన బండిని మంచి బండి అని నేను రాయలేను. రేక్‌ను ఒక చోటు నుంచి మరో చోటుకు మార్చేవాళ్లు పీఓహెచ్ తేదీతో పాటు కొత్త దారి పొడవు కూడా చూడాలి. కనీసం రెండు డబ్బాలైనా మరుగుదొడ్లు ఉన్నవి కలిపి పంపాలి.

కాగజ్‌నగర్ దాకా వెళ్లేవాళ్లు నిశ్చింతగా ఎక్కండి, మధ్య డబ్బాల్లో చప్పుడు తక్కువ. మంచిర్యాల, ఆ పైన వెళ్లేవాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు, ఆ రోజు వచ్చిన రేక్‌లో మరుగుదొడ్డి ఉందో లేదో ప్లాట్‌ఫాం మీదే చూసుకోండి. లేకపోతే ఎక్స్‌ప్రెస్ జనరల్‌లో ఇరుక్కుని వెళ్లడమే మేలు.