బఫెలో చలికాలమా, డాలస్ చలికాలమా?

టెక్సస్‌లోని డాలస్ వచ్చాక మనవాళ్లు చాలామంది "హమ్మయ్య, మంచు తీయడానికి పార పట్టే పని తప్పింది" అంటారు, నిజమే, కానీ నాకైతే న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊరి మంచు మీద బెంగ ఇంకా పోలేదు.

అక్కడ ఈరీ సరస్సు గడ్డకట్టకముందే దాని మీదుగా చల్లగాలి వీచిందంటే ఆ తేమంతా మోసుకొచ్చి మంచుగా కుమ్మరించేస్తుంది, 2022 నవంబర్‌లో పక్కనున్న ఆర్చర్డ్ పార్క్‌లో 6 అడుగులకి పైనే పడింది. అంత పడ్డాక పొద్దున్నే తలుపు తీస్తే ఉంటుంది చూడండి ఆ నిశ్శబ్దం... రోడ్డు మీద కార్లు ఉండవు, అదొకటి, పైగా కొత్తగా పడ్డ మంచులో గాలి ఖాళీలు ఎక్కువ కాబట్టి శబ్దాన్ని పీల్చేస్తుంది, పక్కింటాయన పారతో గీకుతున్నా ఎక్కడో దూరంగా ఉన్నట్టు వినిపిస్తుంది. పైపొర కరిగి మళ్లీ గట్టిపడితే ఇక ఆ మెత్తదనం పోతుంది.

డాలస్‌లో మంచు పడేదే తక్కువ, చాలాసార్లు పడగానే గడ్డకట్టే ఐస్ వానే, కొమ్మలు విరిగే చప్పుడు, రోడ్లన్నీ జారుడు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో లక్షల ఇళ్లకి కరెంట్ పోయింది, పైపులు పగిలాయి. బఫెలోలో ఇళ్లు, మంచు తీసే బళ్లు అన్నీ చలికి రెడీగానే ఉంటాయి. అలాగని అక్కడ ప్రమాదం లేదని కాదు, 2022 డిసెంబర్ తుఫానులో పదుల మంది చనిపోయారు.

అమ్మానాన్నలు జనవరిలో వస్తున్నారంటే డాలసే మేలు, హాయిగా వాకింగ్‌కి వెళ్లొచ్చు. చిన్నపిల్లలున్నవాళ్లు మాత్రం ఒక్క చలికాలమైనా బఫెలోలో ఉండి చూడండి, నా ఓటు దానికే.