కాన్పు గదిలో తోడు ఎవరుండాలి? గజపతి, రాయగడ సరిహద్దుల్లో ఏది మేలు

నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డకు తొలి పాలు పట్టే వరకు ఒకే మనిషి పక్కన విడవకుండా ఉంటే కాన్పు తేలికవుతుందని మన పెద్దవాళ్లు చెప్పేదానికి ఇప్పుడు గట్టి ఆధారమే ఉంది. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2017లో వెలువరించిన సమీక్ష 17 దేశాల్లో 15 వేలకు పైగా స్త్రీలపై జరిగిన పరీక్షలను కలిపి చూసింది. తోడు ఉన్నవారిలో సహజ కాన్పులు పెరిగాయని, సిజేరియన్లు తగ్గాయని, నొప్పులు పడే సమయం కొంత తగ్గిందని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018 మార్గదర్శకాల్లో ప్రతి గర్భిణికీ తాను కోరుకున్న తోడు ఉండాలని సిఫారసు చేసింది. కాబట్టి ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలు తేల్చుకోవలసింది తోడు కావాలా వద్దా అన్నది కాదు. ఆ తోడు ఎవరు, ఆమెకు డబ్బు ఎవరివ్వాలి అన్నదే అసలు విషయం.

కాన్పులో తోడుండటానికే శిక్షణ పొందిన స్త్రీని డూలా అంటారు. ఆమె పని ఏమిటో ముందుగా స్పష్టం చేసుకోవాలి. ఆమె పరీక్ష చేయదు, మందు ఇవ్వదు, బిడ్డను తీయదు. నడుము రాస్తుంది, మంచినీళ్లు తాగిస్తుంది, కాసేపు నడిపిస్తుంది, భయపడుతుంటే ధైర్యం చెబుతుంది, నర్సు చెప్పినదాన్ని అర్థమయ్యే మాటల్లో మళ్లీ చెబుతుంది. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో ఒడియా నడిచే ఈ ప్రాంతంలో ఆ చివరి పని చిన్నది కాదు. నొప్పుల మధ్యలో పరాయి భాషలో వచ్చే ఆదేశం, అది ఎంత మంచిదైనా, గద్దింపులాగే వినిపిస్తుంది.

పట్టణాల్లో దొరికే ప్రైవేటు డూలాల సంగతి ఇక్కడ ఎక్కువగా చెప్పుకోనక్కర్లేదు. వారి రుసుము కూలి పనులతో బతికే ఇంటికి అందేది కాదు, పైగా అర్ధరాత్రి నొప్పులు వస్తే విశాఖపట్నం నుంచో భువనేశ్వర్ నుంచో ఎవరూ రారు. అమెరికాలో ఆరెగాన్, మిన్నెసోటా వంటి రాష్ట్రాలు ఈ రుసుమును పేదల ఆరోగ్య బీమా నుంచి చెల్లించడం మొదలుపెట్టాయి, కాలిఫోర్నియా 2023 జనవరిలో అదే దారి పట్టింది. అయితే ఆరెగాన్‌లో మొదట పెట్టిన రేటు మరీ తక్కువ కావడంతో తర్వాత పెంచవలసి వచ్చింది. ప్రభుత్వం చెల్లిస్తానన్నా పనికి తగినంత ఇవ్వకపోతే మనుషులు ముందుకు రారని ఆ అనుభవం చెబుతోంది.

ఖర్చు లేని దారి ఇంటి మనిషి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక స్త్రీని తోడుగా అనుమతించాలని కేంద్ర ప్రభుత్వం 2016 ఫిబ్రవరిలో నిర్ణయించింది. ఆమెకు స్వయంగా కాన్పు అనుభవం ఉండాలి, అంటువ్యాధులు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, సిబ్బంది పనికి అడ్డుపడకూడదు, గదిలోని ఇతర గర్భిణుల జోలికి పోకూడదు. ఇతరుల మరుగుకు భంగం కలగని ఏర్పాటు ఉన్నచోట భర్తను కూడా అనుమతించవచ్చు. అమ్మో, అక్కో, అత్తో పక్కన ఉంటే భాష సమస్య ఉండదు, మొహమాటమూ ఉండదు. కానీ కూతురు అరుస్తుంటే కన్నతల్లే ముందు బెంబేలెత్తిపోతుంది, అత్తగారి ఎదుట కోడలు నోరు విప్పి నొప్పి చెప్పుకోలేకపోవచ్చు. ఆసుపత్రి సిబ్బందీ బంధువూ కాని మూడో మనిషి, ఈ పనికే శిక్షణ పొంది వచ్చినప్పుడు, సిజేరియన్లు తగ్గడంలో ఫలితం మరింత బాగా కనిపించిందన్నది కూడా పైన చెప్పిన సమీక్షలోని విషయమే.

ఇక అందరి చూపూ పడేది ఆశ కార్యకర్త మీద. 2005 నుంచి ఊళ్లో ఉన్న మనిషి, కడుపుతో ఉన్న ప్రతి స్త్రీనీ పేరుపెట్టి పిలవగల మనిషి, కాబట్టి ఆమెకే డూలా పని అప్పగిస్తే సరిపోతుందని తేలికగా అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. ఆసుపత్రి కాన్పులను ప్రోత్సహించే కేంద్ర పథకం జననీ సురక్షా యోజన కింద ఒడిశా గ్రామాల్లో తల్లికి 1,400 రూపాయలు, ఆశకు 600 రూపాయలు అందుతాయి. ఆ 600లో సగం గర్భిణిగా ఉన్నప్పటి పరీక్షలు చేయించినందుకు, మిగిలిన సగం ఆసుపత్రి కాన్పు జరిగేలా చూసినందుకు. అంటే తీసుకువచ్చినందుకు సొమ్ము ఉంది, పన్నెండు గంటలు పక్కన కూర్చున్నందుకు విడిగా ఏమీ లేదు. టీకాలు, సర్వేలు, మలేరియా రక్తపరీక్షలు, ఇంటింటి తిరుగుడు ఆమె కోసం ఊళ్లో ఎదురుచూస్తూనే ఉంటాయి. పైగా మనవాళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో చేయడం ఆచారం. పాతపట్నం వైపు అత్తారింట్లో ఆరేడు నెలలు గడిపి పర్లాకిమిడి పుట్టింటికి వచ్చిన అమ్మాయిని మొదటి నుంచీ చూసిన ఆశ ఒక రాష్ట్రంలో ఉంటే, కాన్పు మరో రాష్ట్రంలో జరుగుతుంది. ఆ నమ్మకం సరిహద్దు దాటి రాదు.

ఊళ్లోని మంత్రసానులను పిలిస్తే ఎలా ఉంటుందని కొందరు అడుగుతారు. ఓర్పు, ఒడుపు వారికి ఉన్నంతగా ఎవరికీ ఉండవన్నది నిజమే. అయితే పొట్ట మీద నొక్కి బిడ్డను దించే పాత పద్ధతి ప్రమాదకరం. దానిని పూర్తిగా మానుకుని, చేతులు తన హద్దులో ఉంచుకోగలిగినవారికే ఈ పని అప్పగించాలి.

నా అంచనాలో వీటన్నిటికంటే మేలైన ఏర్పాటు, ఆసుపత్రిలోనే వంతుల వారీగా ఉండే స్థానిక స్త్రీలు, జీతం మీద. ఇది ఒడిశాకు కొత్త ఆలోచన కూడా కాదు. నార్వే, భారత్ భాగస్వామ్య కార్యక్రమంలో యశోద పేరుతో కాన్పు వార్డుల్లో ఇలాంటి స్త్రీలనే నియమించి, బాలింతలకు పాలివ్వడం నేర్పించారు, బిడ్డ సంరక్షణ చూపించారు. ఆ పనిని కాన్పు తర్వాత నుంచి కాన్పు ముందుకు జరపడమే మనం కోరవలసింది. నెలకు నూరు కాన్పులు జరిగే ఆసుపత్రి ఉందనుకుందాం. తోడు ఉన్న మనిషికి కాన్పుకు 800 రూపాయల చొప్పున ఇస్తే నెలకు 80,000 అవుతుంది. నలుగురిని నెలకు 12,000 చొప్పున నియమిస్తే 48,000తో సరిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రి నిర్వహణ చూసే రోగి కళ్యాణ్ సమితి వంటి స్థానిక సంఘాల ద్వారా ఇలాంటి మొత్తం సమకూర్చడం అసాధ్యమేమీ కాదు. ఒకే వేళకు ముగ్గురికి నొప్పులు వస్తే ఒక్క మనిషి చాలదన్నది దీనిలోని లోపం, గర్భిణికి ఆమె ముందుగా పరిచయం లేకపోవడం మరో లోపం. రెండో దానికి ఎనిమిదో నెల పరీక్ష రోజున పరిచయం చేయడం కొంతవరకు మందు. మొదటి దానికి ఇంటి మనిషే మందు, అందుకే 2016 నిర్ణయాన్ని పక్కనపెట్టి ఈ ఏర్పాటు నడవదు. నలుగురిలో ఒకరికైనా సవర భాష వచ్చి ఉండాలి, ఎందుకంటే కొండల మీద నుంచి దిగివచ్చే తల్లులకు మన తెలుగు కూడా పరాయిదే.

తోడు వల్ల అన్నీ తీరిపోతాయని మాత్రం అనుకోకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, ఒడిశాలో 21.6 శాతం కాన్పులు సిజేరియన్లు. సరిహద్దు దాటి ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లే కుటుంబం ఆ తేడాను గమనించాలి. అలాగే ఒడిశాలోని తక్కువ అంకెను చూసి మురిసిపోవడానికీ లేదు. దానిలో ఆపరేషన్ నిజంగా అవసరమై కూడా అందనివారు ఉండవచ్చు, వారికి కావలసింది డాక్టరు, రక్తం, బరంపురం దాకా తీసుకువెళ్లే వాహనం. మంచి తోడు చేయగలిగింది, ఆ అవసరం కనిపించగానే నర్సును పిలవడం.

ఉన్న డబ్బుతో అందరికీ ఒకేసారి ఏర్పాటు చేయలేకపోతే తొలి కాన్పువారితో మొదలుపెట్టడం న్యాయం, ఆ తర్వాత తోడు ఎవరూ రాలేని స్త్రీలు. జీతం నెలవారీగా ఇస్తున్నప్పుడు, పక్కన కూర్చునే మనిషి గర్భిణి చేతిలోని కార్డు ఏ రాష్ట్రానిదో అడగవలసిన పని ఉండదు.